చింతలనార్ పిల్లవాని ఆరవ తరగతి

దోర్నపాల్ నుండి జగరుగొండకు పోవు బాటమీద చింతలనార్ అను ఊరు కలదు. నేడది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని సుక్మా జిల్లాకు చెందినది. 2012లో ఆ జిల్లా ఏర్పడక పూర్వము దంతెవాడ జిల్లాలోను, 1998కి ముందు అవిభక్తమైన బస్తరు జిల్లాలోను ఉండెను. ఇంకను వెనుకకు పోయినచో బస్తరు సంస్థానపు జమీందారీలలో చింతలనార్ జమీందారీ ఒకటి. తెలుగువాని చెవికి ఈ పేరులో చింతచెట్టు వినబడును; గోండీ తెలిసినవానికి చివరనున్న 'నార్' అనగా ఊరు. ఊరిపేరులోనే రెండు భాషలు కలిసి కాపురము చేయుచుండగా, ఊరిబడిలో పిల్లవాడు చదువవలసినది మూడవ భాష, హిందీ.

వార్తాపత్రికలు చదువువారికి ఈ ఊరు 2010 ఏప్రిల్ 6వ తేదీవలన తెలియును. ఆనాడు దీనికి చేరువనున్న తాడ్‌మెట్ల అడవిలో మావోయిస్టుల దాడికి 76 మంది భద్రతాదళములవారు బలియైరి. మరుసటి మార్చిలో తాడ్‌మెట్ల, తిమ్మాపురం, మోర్పల్లి గ్రామములలో ఇండ్లు తగులబెట్టబడినవి. సుప్రీంకోర్టు ఆజ్ఞపై ఆ వ్యవహారము కేంద్ర దర్యాప్తు సంస్థకు అప్పగింపబడినది. ఈ వ్యాసమునకు ఆ యుద్ధము వస్తువు కాదు. అయినను దానిని పూర్తిగా ప్రక్కకు నెట్టుట సాధ్యము కాదు. పదకొండేండ్లు నిండి ఆరవ తరగతి గడప త్రొక్కు చింతలనార్ పిల్లవానికి ఏమి నేర్పవలెనని మన దేశము నూరేండ్లకు పైగా ఎట్లెట్లు తలపోసినదో చూడవలెనని నా ప్రయత్నము. అసలు ఆ పిల్లవాని ముఖమును ఎదుట నిలుపుకొని ఆలోచించినవారు ఎందరన్నది తేలవలసిన విషయము.

హిందీలో 'సంతులిత్ పాఠ్యక్రమ్' అను మాట విద్యాశాఖ వ్రాతలలో తరచుగా కనబడును. దానిని తెలుగు చేయవలసివచ్చినప్పుడు మనము 'సమతౌల్యము గల పాఠ్యప్రణాళిక' అని వ్రాయుదుము. రెండింటిలోను ఉన్నది తులయే, అనగా త్రాసే. త్రాసునకు రెండు సిబ్బెలుండవలెను గదా. దేనిలో ఏది వేసి తూచుచున్నాము? సంఘముల నివేదికలు చదివినచో గణితము ఒక సిబ్బెలోను, భాష మరియొక సిబ్బెలోను. లేదా పుస్తకము ఒకవైపు, చేతిపని ఒకవైపు కనబడును. పిల్లవాడు ఇంటినుండి తెచ్చుకొన్న భాష, లెక్క, చెట్టుచేమల ఎరుక ఏ సిబ్బెలోను పడలేదు. బస్తరు చరిత్రలో పేచీ అంతయు ఇక్కడనే మొదలైనది.

బస్తరు సంస్థానములో 1904 నుండి దివానుగా పనిచేసిన పండా బైజనాథుడు నిర్బంధవిద్యను ప్రవేశపెట్టెను. ఆయన ఉద్దేశము మంచిదే కావచ్చును. 1910 ఫిబ్రవరిలో భూమ్‌కాల్ అను తిరుగుబాటు చెలరేగినప్పుడు, ఠాణాలతోను, అటవీశాఖ నాకాలతోను పాటు బడులు కూడ తగులబడినవి. నేతానార్ గుండాధూరు పేరు ఈనాటికి బస్తరులో పాటగా నిలిచియున్నది. తిరుగుబాటు అణచిన తరువాత డిబ్రెట్ అను ఆంగ్లాధికారి కారణములను ఏకరువు పెట్టెను. అడవులను రక్షితములుగా ప్రకటించుట, అటవీ ఉద్యోగుల దౌర్జన్యము మొదలగువాని సరసన, ఉపాధ్యాయులు పిల్లలను హింసించి జనులనుండి సొమ్ము గుంజుట అనునది కూడ ఆ పట్టికలో చేరినది. బడిపంతులు అటవీ జవానుతో సమానముగా ఒక తిరుగుబాటుకు హేతువుగా ప్రభుత్వపు కాగితములకెక్కిన ఉదాహరణములు మన విద్యాచరిత్రలో ఎక్కువ లేవు. ఆ బడిలో ఏ వాచకము చదివించిరన్న దానికన్న, ఆ బడి ఎవరి పక్షమున ఊరిలో నిలిచినదన్నదే ఆనాటి జనులకు ముఖ్యమైనది. పాఠ్యప్రణాళిక అనగా పాఠముల జాబితా మాత్రమే అనుకొను మనబోటివారు ఈ సంగతిని తరచు మరచుచుందురు.

పిమ్మట 1927 మొదలు కొన్ని సంవత్సరములు బస్తరు పాలనను చూచిన గ్రిగ్సన్, 1938లో మారియా గోండులపై పెద్ద గ్రంథము ప్రకటించెను. ఆయన పేరు ఇక్కడ ఎత్తుటకు కారణము, తరువాతి కాలమున నిజాము ప్రభుత్వములో రెవెన్యూ శాఖ సభ్యుడై తెలుగునేలకు వచ్చుట. ఆ కథకు మరల వత్తును.

దేశమంతటను మాధ్యమిక దశ చదువును గూర్చి పునాదినుండి ఆలోచించిన మొదటి ప్రయత్నము 1937 అక్టోబరులో వార్ధాలో జరిగినది. గాంధీజీ పిలుపుపై సమావేశమైన ఆ సభ డాక్టరు జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. ఏడేండ్ల చదువుకు ఆ సంఘము ఇచ్చిన దినచర్య నిమిషములతో సహా ఉన్నది. మొత్తము ఐదున్నర గంటలు. అందులో మూలవృత్తికి 3 గంటల 20 నిమిషములు, సంగీతము, చిత్రలేఖనము, గణితము కలిపి 40 నిమిషములు, మాతృభాషకు 40, సమాజశాస్త్రము, సామాన్యవిజ్ఞానము రెంటికి 30, వ్యాయామమునకు 10, విరామమునకు 10. చేతిపనికి దినములో సగమునకు మించి ఇచ్చిన ఈ తూకమును చూచి ఆనాడే పలువురు పెదవి విరిచిరి. నా మట్టుకు, ఆ పట్టికలో ఆశ్చర్యము గొలుపునది మూడుగంటల రాట్నము కాదు. పిల్లవాడు చేయుపని నుండియే లెక్కయు, భాషయు, చరిత్రయు పుట్టవలెనన్న భావన. నూలుపోగుల పొడవు కొలుచుటలో గణితమున్నదని వారు నమ్మిరి. అయితే ఆ పని ఏదో వార్ధాలోనే నిర్ణయమైనట్లుండెను. పత్తి వడకుట విదర్భలో ఇంటిపని. చింతలనార్ అడవిలో ఇంటిపని వేరు. ఆదర్శము ఊరూరికి నడచిపోవునప్పుడు రాట్నము మాత్రము వెంట వచ్చి, ఆలోచన వెనుకబడిపోయినది.

ఇక తెలుగునేలమీద జరిగిన ప్రయోగమును చెప్పవలెను. మనవారు దీనిని తగినంతగా తలచుకొనరు. 1940లో కొమురం భీము ఆదిలాబాదు జిల్లా జోడేఘాట్ వద్ద పోలీసుల కాల్పులలో మరణించిన పిమ్మట నిజాము ప్రభుత్వము మేల్కొని, గోండుల స్థితిగతులను పరిశీలింపుమని హైమెండార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుని కోరెను. ఆయనకు వెనుకబలముగా నిలిచినవాడు బస్తరు అనుభవము గల గ్రిగ్సనే. 1943లో మార్లవాయి అను చిన్న గ్రామమున ఉపాధ్యాయ శిక్షణకేంద్రము వెలసినది. అక్షరములు వచ్చిన గోండులే అరుదు గనుక, ముందు ఉపాధ్యాయులను సృష్టించిన తరువాత గాని బడులు తెరచుట సాధ్యము కాదు. గోండు యువకులకే చదువు నేర్పి, వారినే పంతుళ్ళుగా ఊళ్ళకు పంపిరి. వాచకములు గోండీ భాషలో, దేవనాగరి లిపిలో అచ్చువేసిరి; ఆ ప్రాంతమున మరాఠీ వ్యవహారము ఎక్కువ గనుక ఆ లిపిని ఎన్నుకొనిరి. గోండీతో మొదలుపెట్టి క్రమముగా బయటిభాషలవైపు నడిపించుట పద్ధతి. ఆ జిల్లాలో అధికారిగా పనిచేసిన సేతుమాధవరావు పగ్డీ స్వయముగా గోండీ నేర్చి, ఆ భాషకు వ్యాకరణము వ్రాసెను. 1910లో బస్తరు బడి పోగొట్టుకొన్నదేదో అది మార్లవాయిలో దొరికినది: పంతులు ఊరివాడు.

ఆ ప్రయోగము నిలువలేదు. దానిని ఎవరో పూనుకొని కూల్చలేదు. ఏలుబడులు మారినకొలది అది తనంతట తాను చెదరిపోయినది. 1948లో నిజాము ప్రభుత్వము అంతరించినది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడినప్పుడు ఆదిలాబాదు ఆంధ్రప్రదేశ్‌లో చేరినది, బడి తెలుగైనది. దేవనాగరిలో గోండీ చదివిన పిల్లవానికి లిపియు, భాషయు రెండును ఒక్కసారిగా మారినవి. మన తెలుగువారికి 1956 పండుగ సంవత్సరము. అదే మార్పు గోండు పిల్లవాని పలకమీద మరియొక విధముగా పడినదని ఒప్పుకొనుటకు మనమేమియు చిన్నబోనక్కరలేదు. ఏండ్లు గడచిన పిమ్మట మరల వచ్చి చూచిన హైమెండార్ఫ్, తన 1982 నాటి గ్రంథములో గోండీ బోధన అడుగంటిపోవుటను గూర్చి వ్రాసెను. 2004 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, లంబాడీ భాషలలో తెలుగు లిపితో వాచకములు వేసి బహుభాషా విద్యను ఆరంభించినప్పుడు, అరువదేండ్ల వెనుకటి మార్లవాయి పని వేరొక రూపమున తిరిగి మొదలైనదనవచ్చును. కాని ఈ ప్రయత్నమంతయు ప్రాథమికపు చిన్నతరగతులకే పరిమితము. ఆరవ తరగతి వచ్చునప్పటికి ఇంటిభాష వంతెన ఎక్కడనో ఆగిపోవును.

స్వాతంత్ర్యము తరువాతి సంఘములను గూర్చి క్లుప్తముగా చెప్పినను చాలును. మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు లక్ష్మణస్వామి మొదలియారు నాయకత్వమున 1952లో నియమింపబడిన మాధ్యమిక విద్యాసంఘము, మరుసటి ఏడు నివేదిక ఇచ్చెను. మధ్యతరగతి బడికి అది సూచించిన విషయములు ఏడు: భాషలు, సాంఘికశాస్త్రము, సామాన్యవిజ్ఞానము, గణితము, కళ-సంగీతము, చేతిపని, వ్యాయామము. ఇందులో వంక పెట్టుటకేమియు లేదు. నేటికిని ఏ రాష్ట్రపు కాలనిర్ణయపట్టిక చూచినను ఈ ఏడే వేర్వేరు పేర్లతో కనబడును. మార్కులు లేనందున కళయు, చేతిపనియు ఎండిపోయిన కథ ప్రతి తెలుగు ఇంటికి తెలిసినదే. 1964లో ఏర్పడి 1966లో నివేదిక సమర్పించిన కొఠారీ సంఘము 'కార్యానుభవము' అను పేరిట చేతిపనికి మరల ప్రాణము పోయజూచెను. దిగువ మాధ్యమిక దశ ఎనిమిదినుండి పదివరకని నిర్ణయించెను. భాషల చిక్కును త్రిభాషాసూత్రముతో విప్పజూచెను.

1968 జాతీయ విద్యావిధానము ఆ సూత్రమును స్వీకరించినప్పుడు, హిందీరాష్ట్రములలో హిందీ, ఇంగ్లీషులు గాక మూడవదిగా ఒక ఆధునిక భారతీయ భాషను, వీలైనచో దక్షిణాది భాషను నేర్పవలెనని చెప్పినది. ఉత్తరాది బడులలో ఆ స్థానమును పలుచోట్ల సంస్కృతము ఆక్రమించినది. ఇది అందరెరిగిన సంగతియే. నేను హిందీ-తెలుగుల నడుమ బ్రదుకు వెళ్ళబుచ్చువాడను గనుక నాకు మరియొక సంగతి మనసును తొలుచును. ఆనాటి మధ్యప్రదేశ్ అంతటిలో దక్షిణాది భాష ఏటికి ఆవల కాక ఊరిసంతలోనే వినబడు తావు ఏదైన ఉన్నదన్నచో అది శబరీతీరమున కొంటా ప్రాంతము. అచటి దోర్లల మాటలో తెలుగు కలగలసియున్నది. త్రిభాషాసూత్రము సహజముగా పండగల చేను అది; అందులో విత్తు చల్లినవారు లేరు. పైపెచ్చు, కోయపిల్లవాని మాతృభాష హిందీయేనని లెక్క వేసిరి. అప్పుడు మూడు భాషలలో ఒకటియు వానిది కాదు. సూత్రమును అక్షరాల పాటించినను వాని విషయమున త్రాసు ఒకవైపునకే మొగ్గును. మాతృభాషలో ప్రాథమికవిద్యకు వసతి కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350-ఎ అధికరణము అంతకు పండ్రెండేండ్ల ముందే ఉన్నది.

అదే మధ్యప్రదేశ్‌లో, నర్మదాతీరమున, ఆరు-ఏడు-ఎనిమిది తరగతుల కొరకే పుట్టిన ఒక మహత్తర ప్రయత్నము 1972లో మొదలైనది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను రెండు సంస్థలు హోషంగాబాద్ జిల్లాలో పదునారు బడులను తీసికొని విజ్ఞానశాస్త్రమును చేసి నేర్చుకొను పద్ధతిని ప్రవేశపెట్టినవి. 1978లో జిల్లాలోని మాధ్యమిక బడులన్నిటికి అది వ్యాపించినది. 1982లో 'ఏకలవ్య' అను సంస్థ ఏర్పడి ఆ బాధ్యతను వహించినది. ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆచార్యులు, బొంబాయి టాటా పరిశోధనాలయపు శాస్త్రజ్ఞులు సెలవుదినములలో వచ్చి గ్రామోపాధ్యాయులతో కూర్చుండి పాఠములు వ్రాసిరి. ఆ పుస్తకములకు 'బాల వైజ్ఞానిక్' అని పేరు. వానిలో సమాధానములు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. పిల్లలు చిన్నచిన్న బృందములుగా కూర్చుండి, చవకసామగ్రితో ప్రయోగము చేసి, చూచినది తమ మాటలలో వ్రాయుదురు. పరీక్షనాడు పుస్తకము తెరచి చూచుకొనవచ్చును. ప్రయోగపరీక్ష వేరుగా ఉండును. 'సవాలీరామ్' అను కల్పితపురుషునకు పిల్లలు ఉత్తరములు వ్రాసి సందేహములడిగెడివారు, జవాబులు వచ్చెడివి. ఆరవ తరగతి పిల్లవాని ప్రశ్నకు తపాలాలో జవాబు వచ్చుట సామాన్యమైన విషయము కాదు.

ముప్పది ఏండ్లు నడచిన ఈ కార్యక్రమమును 2002లో రాష్ట్రప్రభుత్వము నిలిపివేసెను. ఒక్క జిల్లా పిల్లలు వేరుపుస్తకము చదువుట ఏల, రాష్ట్రమంతట ఒకే పుస్తకముండవలెనన్న వాదము బలపడినది. ఒకే పుస్తకమే సమానత్వమను ఈ నమ్మకము చూచుటకు న్యాయముగా కనబడును గనుకనే దానికి ఎదురు చెప్పుట కష్టము. అప్పటికి బస్తరు ఆ రాష్ట్రమునుండి విడిపోయి రెండేండ్లైనది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడినది. హోషంగాబాద్ పద్ధతికి కూడ ఒక హద్దు కలదనుట అవసరము. అక్కడి పిల్లవాని ఇంటిభాష హిందీకి దగ్గర. తాను చూచినదానిని తన మాటలలో వ్రాయుమన్నచో వానికి మాటలున్నవి. చింతలనార్ పిల్లవానికి అదే ప్రశ్న వేసినచో, చూచుటలో వాడు ఎవరికిని తీసిపోడు. వ్రాయవలసిన మాట మాత్రము వాని నోట పుట్టినది కాదు.

2005 జూన్ నుండి సల్వాజుడుం పేరిట జరిగిన కల్లోలము ఈ ప్రాంతపు బడులను తుడిచిపెట్టినది. దళములు బడులలో మకాము పెట్టినవి. మకాములగుననియు, అయినవనియు మావోయిస్టులు బడిభవనములను పేల్చివేసిరి. ఎవరి తర్కము వారిది, కూలినది బడిగోడ. 2011లో సుప్రీంకోర్టు దళములు బడులను ఖాళీ చేయవలెనని ఆదేశించి, ఆ జూలై 5న సల్వాజుడుంను, ప్రత్యేక పోలీసు అధికారుల నియామకమును చట్టవిరుద్ధమని తీర్పు చెప్పెను. ఊళ్ళలోని బడులు రోడ్డు ప్రక్క శిబిరములకు తరలిపోయినవి. వెదురుతో వేగముగా కట్టిన వసతిగృహపాఠశాలలకు 'పోర్టాకేబిన్' అని పేరు వచ్చినది. ఒక్కొక్క దానిలో వందలకొలది పిల్లలు. ఏ రాతికట్టడమునైనను కోటగా వాడుకొను కాలమున, కోటగా పనికిరాని కట్టడమే బడికి రక్ష అయినది. జగరుగొండలో బడులు మరల తెరచుకొనుటకు 2019 వరకు పట్టినది.

పోర్టాకేబిన్ పిల్లవానికి చదువు, కూడు, గూడు దొరికినవి. వాటిని తక్కువచేసి మాట్లాడరాదు. కాని ఇల్లు దూరమైనది. మార్చి-ఏప్రిల్ నెలలలో తెల్లవారుజామున ఇప్పపూవు రాలును. దాని వెంటనే తునికాకు కోత. అడవిలో పిల్లవాడు అన్నిటికన్న ఎక్కువ నేర్చుకొను ఋతువు అది. బడిలో వార్షికపరీక్షల ఋతువు కూడ అదే. ఇంటివద్ద ఉన్న పిల్లవాడు ఆ దినములలో బడి మానును. వసతిగృహములో ఉన్నవాడు అడవి మానును.

తునికాకునే తీసికొందము. యాబది ఆకులు ఒక కట్ట. వేయి కట్టలు ఒక ప్రమాణపు సంచి. అనగా సంచికి యాబదివేల ఆకులు. ఒక కుటుంబము దినమునకు 80 కట్టలు కట్టినచో సంచి నిండుటకు పండ్రెండున్నర దినములు. కల్లములో గుమాస్తా పుల్లాకని చెప్పి నూటికి పది కట్టలు త్రోసివేసినచో కూలి ఎంత తగ్గును, దినములెన్ని పెరుగును? గుణకారము, భాగహారము, నిష్పత్తి, శాతము: ఆరవ తరగతి గణితములో ముఖ్యభాగము ఇందులోనే ఇమిడియున్నది. ఈ లెక్క తప్పినచో ఇంటికి నష్టము గూడ నిజమైనది. విజ్ఞానశాస్త్రమునకు అదే ఆకు, అదే చెట్టు చాలును. సాంఘికశాస్త్రములో 1910 భూమ్‌కాల్, అడవి ఎప్పుడు ఎవరిదైనది, 1996 నాటి పెసా చట్టములో గ్రామసభకున్న అధికారమేమి, 2006 నాటి అటవీహక్కుల చట్టము ఎవరికి వర్తించును అనునవి వచ్చినచో, ఎనిమిదవ తరగతి ముగించిన పిల్లవాడు ఊరిపట్టాకాగితమును చదివి వినిపింపగలడు. ఢిల్లీ సుల్తానులను తీసివేయుమని నేననను. 1323లో ఓరుగల్లు కోట ఢిల్లీ సైన్యమునకు చిక్కిన తరువాత కాకతీయుల అన్నమదేవుడు బస్తరుకు వచ్చి రాజ్యము స్థాపించెనన్న ఐతిహ్యము అక్కడివారికి తెలిసినదే. సుల్తానుల పాఠము వారి దంతేశ్వరి గుడివరకు నడచి రాగలదు, నడిపించు పంతులున్నచో.

1993లో యశ్‌పాల్ సంఘము పుస్తకభారమును గూర్చి చెప్పినదియు, 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము బడిజ్ఞానమును బయటి జీవితముతో కలుపవలెనన్నదియు, 2020 విద్యావిధానము ఆరునుండి ఎనిమిదివరకు సంచిలేని పది దినములలో స్థానికవృత్తులను చూపుమన్నదియు ఈ దిశలోనివే. పది దినములని చదివినప్పుడు నాకు వార్ధా పట్టికలోని మూడుగంటల ఇరువది నిమిషములు గుర్తుకు వచ్చినవి. ఎనుబది ఏండ్లలో బేరము ఎక్కడినుండి ఎక్కడికి దిగినదో చదువరులు లెక్క కట్టుకొనవచ్చును.

మిగిలినది మన గడపలోని సంగతి. 2005 తరువాత చింతలనార్ పరిసరములనుండియు, కొంటా ప్రాంతపు ఊళ్ళనుండియు కుటుంబములు అడవిబాటన సరిహద్దు దాటి అప్పటి ఖమ్మము జిల్లాలోని చర్ల, భద్రాచలము ప్రాంతములకు వచ్చి అడవిలో గుడిసెలు వేసికొనినవి. మనవారు వారిని గుత్తికోయలనుచున్నారు. వారి పిల్లలలో కొందరు హిందీలో మూడో నాలుగో తరగతులు చదివి వచ్చినవారు. కొందరు బడి మొగమే ఎరుగరు. 2009 నాటి విద్యాహక్కు చట్టములోని 4వ సెక్షను ప్రకారము బడి మానిన పిల్లవానిని వయసుకు తగిన తరగతిలో చేర్చుకొని, తోటివారితో సమానుడగుటకు ప్రత్యేకశిక్షణ ఇయ్యవలెను. పండ్రెండేండ్ల పిల్లవాడు వచ్చును. హాజరుపట్టీలో ఆరవ తరగతి అని వ్రాసికొందురు. వానికి దేవనాగరి కొంత వచ్చును, తెలుగక్షరము రాదు. ఇంట కోయ, సంతలో తెలుగు వినికిడి, చేతిలో ఉన్నచో ఒక హిందీ బడికాగితము. ఎదుట ఆరవ తరగతి తెలుగువాచకము, అందులో ఒక పద్యభాగము. ఆ తరగతికి తెలుగు పంతులు కోయ తెలిసినవాడైనచో మొదటి నెలలో ఏమి చెప్పవలెనో ఆయనకు తోచును. కోయయు హిందీయు తెలియనివాడైనచో, ఆ పిల్లవానిని చివరి వరుసలో కూర్చుండబెట్టి పద్యమును వల్లె వేయించుటయే మిగిలిన పని.